చప్పుడు తగ్గిన పాయింట్ టూటూ: కొన్ని విశేషాలు

ఎన్.సి.సి.లో చేరిన పిల్లలు మొట్టమొదట భుజానికి ఆనించేది .22 రైఫిల్‌నే. క్యాంపులో బోర్లా పడుకుని, ఉస్తాద్ చెప్పినట్టు ఊపిరి బిగబట్టి నాలుగైదు గుళ్లు పేల్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అందరూ ‘పాయింట్ టూటూ’ అని పిలిచే ఆ చిన్న తూటాతోనే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ జరుగుతుంది. మంచుకొండల మీద బయాథ్లాన్ జరిగేదీ దానితోనే. సైలెన్సర్ బిగించుకుని, చెవిని బాధపెట్టకుండా, వేలెడంత గురిని కూడా కొట్టగలిగే ఖరీదైన రైఫిళ్లలో ముందు చెప్పుకోవాల్సినవీ ఈ తూటా వాడేవే. అలాంటి రైఫిల్ మంచిదో కాదో తేల్చాలంటే ఏం చూడాలి? ఆ వివరాల వెంట వెళ్తే ఎన్నో విశేషాలు బయటపడతాయి.

చప్పుడు ఒకటి కాదు, మూడు

రైఫిల్ పేలితే చెవికి ఒకే దెబ్బలా వినిపిస్తుంది గానీ, అందులో మూడు చప్పుళ్లు కలిసి ఉంటాయి. మొదటిది గొట్టం మూతి దగ్గర పుడుతుంది. మందు మండగా తయారైన వేడి వాయువు బుల్లెట్ వెనకాలే దూసుకొచ్చి బయటి గాలిని కొడుతుంది. సైలెన్సర్ పనిచేసేది దీని మీదే. ఆ వాయువు లోపలి అరల్లో సుడులు తిరిగి, చల్లబడి, జోరు తగ్గాక నెమ్మదిగా బయటికొస్తుంది.

రెండోది గాలిలో పుడుతుంది. బుల్లెట్ ధ్వని కంటే వేగంగా వెళితే దారి పొడుగునా చెళ్లుమనే చప్పుడు దాని వెంటే సాగుతుంది. దీన్ని ఎంత ఖరీదైన సైలెన్సరూ ఆపలేదు, ఎందుకంటే అది తుపాకీలో పుట్టిన చప్పుడు కాదు. మూడోది యంత్రం చప్పుడు. పిన్ను తగలడం, బోల్ట్ కొట్టుకోవడం, ఖాళీ తొడుగు ఎగిరిపడడం ఇవన్నీ ఇందులోకే వస్తాయి.

సైలెన్సర్ లేని .22 రైఫిల్ పేలినప్పుడు దగ్గర్లో సుమారు 140 డెసిబెల్స్ దాకా నమోదవుతుంది. మంచి సైలెన్సర్‌కు తోడు ధ్వని వేగం దాటని తూటా కూడా ఉంటే అది 115, 120 మధ్యకు దిగుతుంది. తేడా 20 అంకెలే కదా అనిపించవచ్చు. కానీ డెసిబెల్ లెక్కలో 20 తగ్గిందంటే గాలి ఒత్తిడి పదో వంతుకు పడిపోయినట్టు. అలాగని అది నిశ్శబ్దమూ కాదు. సినిమాల్లో వినిపించే ‘ఫుస్’ శబ్దం స్టూడియోలో చేర్చింది.

ఆటోమేటిక్‌గా తూటా మార్చుకునే రైఫిళ్లలో మూడో చప్పుడు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అమెరికాలో 1964లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న రుగర్ 10/22 ఈ కోవలోదే. మూతి దగ్గరి చప్పుడు అణిగాక బోల్ట్ ఇనుము ఇనుముకు తగిలే శబ్దమే పెద్దగా వినిపిస్తుంది. తొడుగు బయటపడే కిటికీలోంచి కొంత వాయువు షూటర్ ముఖం వైపూ వస్తుంది. చేత్తో బోల్ట్ లాగే రైఫిల్లో ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. బుల్లెట్ వెళ్లిపోయే దాకా బోల్ట్ కదలకుండా మూసే ఉంటుంది కదా! నిశ్శబ్దమే ముఖ్యమనుకునేవాళ్లకు నా ఓటు బోల్ట్ రైఫిల్‌కే.

ఎండాకాలం ఎక్కువ వెసులుబాటు

ధ్వని వేగం అన్నిచోట్లా ఒకటే కాదు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, సున్నా దగ్గర 331. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. ఆ లెక్కన 42 డిగ్రీలు కాసే మే నెల రామగుండంలో అది 357 దాకా వెళుతుంది. సెకనుకు 340 మీటర్ల వేగంతో బయల్దేరిన బుల్లెట్ అక్కడ చెళ్లుమనదు. అదే బుల్లెట్ గుల్మార్గ్ మంచులో సున్నా డిగ్రీల దగ్గర అదే వేగంతో వెళితే చెళ్లుమంటుంది. ఇందులో ఎత్తు ప్రమేయం గానీ గాలి పలుచదనం ప్రమేయం గానీ లేదు, ఉష్ణోగ్రతదే అంతా. వేడికి తూటాలోని మందు కూడా కాస్త జోరుగా మండుతుంది కాబట్టి, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టేసిన డబ్బాతో పరీక్ష చేస్తే లెక్క తప్పుతుంది.

‘స్టాండర్డ్ వెలాసిటీ’ పేరుతో అమ్మే .22 తూటాల్లో సీసీఐ కంపెనీది సెకనుకు 1,070 అడుగులు, అంటే 326 మీటర్లు. ‘హై వెలాసిటీ’ రకాలు 370 మీటర్ల పైనే బయల్దేరతాయి. సీసీఐ వాళ్లదే ‘క్వయెట్-22’ అని ఇంకో రకం ఉంది. దాని వేగం 710 అడుగులే, అంటే 216 మీటర్లు. పొడవైన గొట్టమున్న రైఫిల్లో అది సైలెన్సర్ లేకుండానే మెత్తగా పలుకుతుంది. అయితే అంత నెమ్మదైన తూటా ఆటోమేటిక్ రైఫిల్ బోల్ట్‌ను వెనక్కి నెట్టలేకపోవచ్చు.

మందగమనమే మంచి గురి

ఈ తూటాలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే విషయం ఇదే. పెద్ద రైఫిళ్లలో చప్పుడు తగ్గాలంటే బుల్లెట్ వేగం తగ్గించాలి, వేగం తగ్గిస్తే సత్తా పోతుంది. .22లో అలా కాదు, నిశ్శబ్దమూ గురీ ఒకే దారిలో నడుస్తాయి.

హై వెలాసిటీ బుల్లెట్ ధ్వని కంటే వేగంగా బయల్దేరి, వంద మీటర్లు చేరేలోపే ధ్వని వేగం కిందికి జారుతుంది. ఆ గీత దాటే సమయంలో బుల్లెట్ చుట్టూ గాలి ఒత్తిడి అస్తవ్యస్తమై, దాని ముక్కు ఊగుతుంది. మొదటినుంచీ గీతకు దిగువనే ఉన్న బుల్లెట్‌కు ఆ కుదుపే లేదు. ఒలింపిక్ షూటర్లు వాడే మ్యాచ్ తూటాలన్నీ నెమ్మదివే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎలీ కంపెనీ పేరుమోసిన ‘టెనెక్స్’ తూటా కూడా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతోనే బయల్దేరుతుంది.

ఇంకో వింత ఉంది. పక్కగాలికి స్టాండర్డ్ తూటా కంటే వేగంగా పోయే హై వెలాసిటీ తూటాయే ఎక్కువ పక్కకు జరుగుతుంది! వేగంగా పోయేదానికి గాలిలో గడిపే సమయం తక్కువ, కాబట్టి తక్కువ జరగాలని ఎవరైనా అనుకుంటారు. కానీ పక్కగాలి తోసేది బుల్లెట్ ప్రయాణించిన మొత్తం సమయాన్ని బట్టి కాదు, గాలి నిరోధం వల్ల అది పోగొట్టుకున్న సమయాన్ని బట్టి. ధ్వని వేగం దగ్గర ఆ నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. హై వెలాసిటీ బుల్లెట్ నష్టపోయేది అక్కడే.

నెమ్మదికి మూల్యం కూడా ఉంది. 50 మీటర్లకు గురి సరిచేసిన రైఫిల్‌తో అదే గురిపెట్టి 100 మీటర్ల దూరం కొడితే, స్టాండర్డ్ బుల్లెట్ జానెడు కిందికి దిగుతుంది. దూరం సరిగ్గా తెలియకుండా ఈ తూటాతో ఎక్కువ దూరం పేల్చడం దండగ.

పారిస్ డ్రాయింగ్‌రూముల్లో పుట్టింది

ఫ్రెంచి తుపాకుల నిపుణుడు లూయీ నికొలా ఫ్లోబేర్ 1845లో ఒక చిన్న ప్రయోగం చేశాడు. అప్పట్లో తుపాకీని అంటించడానికి వాడే రాగి టోపీకి ఒక చిన్న సీసపు గుండు బిగించాడు. వేరే మందేమీ లేదు, టోపీలోని రసాయనం పేలుడే దాన్ని ముందుకు తోసేది. డబ్బున్నవాళ్లు ఇళ్లలోనే, పెద్ద గదుల్లో గురి పెట్టి ఆడుకోవడానికి అది బాగా కుదిరింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ తమ మొదటి రివాల్వర్ కోసం .22 షార్ట్ తెచ్చారు. మనం ఇప్పుడు వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా స్టీవెన్స్ కంపెనీ ద్వారా 1887లో వచ్చింది. నూట ముప్పయ్యేళ్లు దాటినా దాని కొలతలు మారలేదు.

తూటాను చేతిలోకి తీసుకుని చూస్తే

ఇత్తడి తొడుగు అడుగున పల్చటి అంచు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అంటుకునే రసాయనం ఆ అంచు మడతలోనే ఉంటుంది. తయారీలో తడిరసాయనాన్ని తొడుగులో వేసి గిరగిరా తిప్పితే అది అంచులోకి సర్దుకుంటుంది. పేలిన తొడుగును తిప్పి చూడండి, అంచు మీద ఒకవైపు పిన్ను కొట్టిన సొట్ట కనిపిస్తుంది. ఆ అంచు ఒకసారి నలిగితే ఇక దాని పని అయిపోయినట్టే, పెద్ద తూటాల్లా దీన్ని మళ్లీ నింపి వాడుకోలేం.

బుల్లెట్ సీసంతో చేసింది. బరువు 2.6 గ్రాములు, మందం 5.6 మిల్లీమీటర్లు. వేలితో రాస్తే జిడ్డుగా ఏదో అంటుకుంటుంది, అది మైనం. సీసం గొట్టానికి అతుక్కోకుండా ఆ పూత పూస్తారు. ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. అందుకే తూటా రకం మార్చినప్పుడు గొట్టం కొత్త మైనానికి అలవాటుపడేదాకా తొలి గుళ్లు అటూఇటూ పడతాయి. వాటిని లెక్కలోకి తీసుకుని ‘ఈ తూటా పనికిరాదు’ అని తీర్పు చెప్పడం తొందరపాటు.

గొట్టంలోని మెలితిరిగిన గాళ్లు బుల్లెట్‌ను 16 అంగుళాలకు ఒక చుట్టు తిప్పుతాయి. అంటే 325 మీటర్ల వేగంతో బయటికొచ్చిన బుల్లెట్ సెకనుకు 800 చుట్లు తిరుగుతూ పోతోందన్నమాట. నిమిషానికైతే 48,000!

తండ్రి చెవుడు, కొడుకు సైలెన్సర్

1884లో మెషిన్‌గన్ కనిపెట్టిన హిరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ ఏళ్ల తరబడి ఆ మోత మధ్యనే పనిచేసి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకు హిరమ్ పెర్సీ మాక్సిమ్ సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచాడు. 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంట్ తీసుకుని, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ కేంద్రంగా కంపెనీ పెట్టి అమ్మాడు. ఆ రోజుల్లో అది పోస్టులో తెప్పించుకునే మామూలు క్రీడాసామగ్రి. ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకుండా పెరట్లో గురి సాధన చేసుకోవచ్చని చెప్పి అమ్మేవాళ్లు.

పెర్సీ మాక్సిమ్ పేరు తుపాకులకే పరిమితం కాలేదు. తొలినాటి మోటారు కార్ల మీద పనిచేశాడు. 1914లో అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించినవాళ్లలో ఆయనొకరు. ఇవాళ హామ్ రేడియో అభిరుచి ఉన్న ఏ తెలుగువాడిని అడిగినా ఆ సంస్థ పేరు చెబుతాడు. ఆయన కంపెనీ తర్వాతి కాలంలో ఇంజిన్ల చప్పుడు అణిచే పరికరాల వైపు మళ్లింది. మోత తగ్గిస్తే మనుషులకు మేలు జరుగుతుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం సరైనదని తుపాకీ మోతతో వినికిడి పోగొట్టుకున్నవాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఖరీదు దేనికి?

పేరున్న రైఫిల్‌కు, మామూలు రైఫిల్‌కు ధరలో నాలుగైదు రెట్ల తేడా ఉంటుంది. కొయ్య నునుపు, నగిషీ సంగతి పక్కన పెట్టండి. అసలు డబ్బు పోయేది కంటికి కనిపించని చోట.

మొదటిది తూటా కూర్చునే గది. మ్యాచ్ రైఫిల్లో అది ఎంత బిగువుగా ఉంటుందంటే, బోల్ట్ మూస్తున్నప్పుడే బుల్లెట్ ముందుభాగం గాళ్లలోకి దిగి కూర్చుంటుంది. తూటా తూటాకూ బుల్లెట్ ఒకే చోట నుంచి, ఒకే రీతిలో బయల్దేరుతుంది. రెండోది గొట్టం లోపలి నునుపు. మూడోది ట్రిగ్గర్. గాజుముక్క విరిగినట్టు ఒక్కసారిగా, ముందూ వెనకా జారుడు లేకుండా వదలాలి. నాలుగోది, సైలెన్సర్ వాడేవాళ్లకు ప్రాణంతో సమానమైనది: మూతి మీది మరలు. ఆ మరల నడిమి గీత, గొట్టం రంధ్రం నడిమి గీత ఒక్కటి కావాలి. వెంట్రుకంత వాలినా బుల్లెట్ సైలెన్సర్ లోపలి పలకను గీరుతుంది. ఇంకా వాలితే సైలెన్సర్ చీలిపోతుంది. పైగా అమెరికా రైఫిళ్లలో అరంగుళం మూతికి అంగుళానికి 28 మరలుంటే, ఐరోపా రైఫిళ్లలో చాలావాటికి 20 మరలుంటాయి. చూడకుండా బలవంతంగా బిగిస్తే రెండూ పాడవుతాయి.

జర్మనీలో 1856లో మొదలైన ఆన్షుట్స్ కంపెనీ ఈ రంగంలో మకుటం లేని మహారాజు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూరింగియాలోని సొంత ఊరు వదిలి, 1950లో ఉల్మ్ పట్టణంలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. 1954 నాటి ‘మ్యాచ్ 54’ యంత్రాంగం వారసులే ఈనాటికీ పోటీల్లో కనిపిస్తాయి. చెక్ దేశపు సీజెడ్ 457, ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ1ఎక్స్ అంతకంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. గురిలో మరీ వెనకబడవు. చప్పుడు తగ్గించుకుని 50 మీటర్ల దూరంలో హాయిగా గురి కొట్టాలనుకునే మామూలు మనిషికి ఈ రెండూ చాలు. ఆన్షుట్స్ ధర న్యాయమనిపించేది పోటీల్లో అర పాయింటు కోసం పోరాడేవాళ్లకే.

రైఫిల్‌ను మోసుకుని ఫ్యాక్టరీకి

ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్నా, ఒకే విడతలో తయారైన తూటాలకు, అంటే ఒక లాట్‌కు, ఇంకో లాట్‌కు తేడా ఉంటుంది. ఒక రైఫిల్‌కు నచ్చిన లాట్ పక్క రైఫిల్‌కు నచ్చదు. అందుకే మేటి షూటర్లు తమ రైఫిల్ తీసుకుని నేరుగా తూటాల తయారీదారు దగ్గరికే వెళతారు. ఎలీకి బర్మింగ్‌హామ్ దగ్గర, ఇంకో తూటాల కంపెనీ లాపువాకు జర్మనీలోని షోనెబెక్‌లో ఇందుకోసమే పరీక్షాకేంద్రాలున్నాయి. రైఫిల్‌ను కదలకుండా బిగించి, ఒక్కో లాట్ పేల్చి, గుళ్లు అన్నిటికంటే దగ్గరదగ్గరగా, చిన్న గుంపుగా పడ్డ లాట్‌ను పెట్టెలకొద్దీ కొనుక్కుని వస్తారు.

ఇంత పట్టింపు ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. 325 మీటర్ల వేగంతో పోయే బుల్లెట్ 50 మీటర్లు చేరేసరికి భూమ్యాకర్షణకు సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది. రెండు తూటాల మధ్య వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకుందాం. ఆ తేడా ఒక్కటే లక్ష్యం మీద దాదాపు 8 మిల్లీమీటర్ల ఎత్తుపల్లంగా మారుతుంది. ఒలింపిక్ 50 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం ఎంతో తెలుసా? 10.4 మిల్లీమీటర్లు! 100 మీటర్ల దూరానికి వెళితే ఆ తేడా మూడు సెంటీమీటర్లు దాటుతుంది.

మూడు గుళ్ల మాయ

రైఫిల్ పరీక్షలో గుంపును కొలవడానికి ఒక పద్ధతుంది. ఎక్కువ దూరంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి బుల్లెట్ మందం 5.6 మిల్లీమీటర్లు తీసేయాలి. మిగిలింది నడిమి నుంచి నడిమికి దూరం. 50 మీటర్ల దగ్గర 14.5 మిల్లీమీటర్ల గుంపు వస్తే దాన్ని ఒక ‘మినిట్’ అంటారు. మంచి .22 రైఫిల్ మ్యాచ్ తూటాలతో దీనికి తక్కువే ఇస్తుంది.

మూడు గుళ్లు ఒకే రంధ్రంలో పడ్డాయని ఫొటో చూపిస్తే నమ్మి డబ్బు పెట్టకండి. ఏ రైఫిలైనా ఎప్పుడో ఒకసారి అలా కొడుతుంది. పది గుళ్ల గుంపులు కొన్ని వరసగా, చెడ్డవాటిని పారేయకుండా చూపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. సైలెన్సర్ ఉన్న రైఫిల్‌కు ఇంకో పరీక్ష కూడా పెట్టాలి. సైలెన్సర్ బిగిస్తే మూతి మీద బరువు పెరిగి గుళ్లు పడే చోటు మారుతుంది. మారడం తప్పు కాదు. విప్పి మళ్లీ బిగించినప్పుడు గుంపు అదే కొత్త చోటికి రావాలి. రాకపోతే సైలెన్సర్ ఎంత మెత్తగా పలికినా ఆ జోడీ పనికిరాదు.

మొదటి గుండే గట్టిగా

విశ్రాంతిగా ఉన్న సైలెన్సర్లో మామూలు గాలి నిండి ఉంటుంది, అందులో ప్రాణవాయువూ ఉంటుంది. మొదటి తూటా పేలగానే పూర్తిగా మండని మందు ఆ ప్రాణవాయువుతో కలిసి లోపలే మళ్లీ భగ్గుమంటుంది. రెండో గుండుకు లోపల ఉండేది మండిపోయిన వాయువే కాబట్టి చప్పుడు మెత్తబడుతుంది. కాబట్టి సైలెన్సర్‌ను ఎంచేటప్పుడు మొదటి గుండు లెక్క విడిగా రాసుకోవాలి.

.22 సైలెన్సర్ లోపల సీసం, మసి తెగ పేరుకుంటాయి. బుల్లెట్‌కు రాగి తొడుగు లేకపోవడమే కారణం. అందుకే వీటిని విప్పి శుభ్రం చేసుకునేలా తయారుచేస్తారు. ఆ పొడి సీసం, ఒంట్లోకి పోతే విషం. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా తినకూడదు.

యుద్ధంలో, గూఢచర్యంలో

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ కమాండోలు వాడిన డి లైల్ కార్బైన్ ఆ యుద్ధంలోని అతి మెత్తని తుపాకుల్లో ఒకటి. అది .45 తూటాది. కానీ దాన్ని కనిపెట్టిన విలియం గాడ్‌ఫ్రే డి లైల్ మొదటి నమూనా తయారుచేసింది .22 రైఫిల్‌తోనే.

అదే యుద్ధకాలంలో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్, సైలెన్సర్ ఇమిడి ఉన్న .22 పిస్తోలు ‘హై స్టాండర్డ్ హెచ్‌డీఎం’ తయారుచేయించుకుంది. 1960 మే 1న సోవియట్ గగనతలంలో కూలిన యు-2 గూఢచారి విమానం పైలట్ గ్యారీ పవర్స్ దగ్గర దొరికిన పిస్తోలు ఆ రకానిదే.

మంచు మీద 45 మిల్లీమీటర్లు

బయాథ్లాన్‌లో రైఫిల్ వీపున వేసుకుని స్కీల మీద కిలోమీటర్లు పరుగెత్తి, గుండె దడదడలాడుతుండగా 50 మీటర్ల దూరంలోని ఐదు నల్లచుక్కల్ని కొట్టాలి. పడుకుని కొట్టేటప్పుడు చుక్క వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కొట్టేటప్పుడు 115. ఒకటి తప్పితే చాలా పోటీల్లో 150 మీటర్ల అదనపు చుట్టు శిక్ష. 1970ల చివరిదాకా ఇక్కడ పెద్ద తూటాలే వాడేవారు, 1978 నుంచి .22కు మారారు. మైనస్ 20 డిగ్రీల చలిలో ధ్వని వేగం 319 మీటర్లకు పడిపోతుంది. అంటే మన దగ్గర మెత్తగా పోయే స్టాండర్డ్ తూటా అదే వేగంతో వెళితే అక్కడ చెళ్లుమంటుంది.

చట్టం ఏమంటుంది?

న్యూజిలాండ్‌లో, నార్వేలో సైలెన్సర్‌కు విడిగా అనుమతి అక్కర్లేదు. న్యూజిలాండ్ రైతులకు బయటినుంచి తెచ్చి వదిలిన కుందేళ్లు పెద్ద పీడ, వాటి మీదికి .22 రైఫిల్ సైలెన్సర్‌తోనే వెళ్లడం అక్కడ మామూలు.

అమెరికాలో 1934 చట్టం ఒక్కో సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో అది సైలెన్సర్ ధరకు ఎన్నో రెట్లు. దశాబ్దాల పాటు మారని ఆ పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరిగానే ఉంది. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్1, హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టం దృష్టిలో సైలెన్సర్ కూడా తుపాకీయే. స్నేహితులతో సరదాగా వెళ్లేముందు లాయరును అడగడం మంచిది.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కూడా అంతే. తుపాకీ చప్పుడును గానీ మెరుపును గానీ తగ్గించే పరికరాన్ని తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. అంటే తుపాకీ లేకుండా ఉత్త సైలెన్సర్ అనుమతి లేకుండా ఇంట్లో ఉన్నా నేరమే. ఇంటర్నెట్‌లో కనిపించే ‘క్లీనింగ్ కిట్’ రకం గొట్టాల జోలికి పోకండి.

మన షూటర్లు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో స్వప్నిల్ కుసాలె కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో భారత్‌కు అదే తొలి పతకం. మోకాలి మీద, పడుకుని, నిలబడి సాగే ఆ పోటీ మొత్తం .22 తూటాతోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో పతకం తెచ్చింది ఎయిర్ రైఫిల్లో అయినా, 50 మీటర్ల ప్రోన్‌లో .22 రైఫిల్‌తోనూ ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఆ పిస్తోలు వాడేదీ ఇదే తూటా.

వీళ్లను చూసి తమ పిల్లలను షూటింగ్‌లో చేర్పించాలని ఎంతోమంది తల్లిదండ్రులు ముందుకొస్తున్నారు, సంతోషం. ‘పాయింట్ టూటూయే కదా, చిన్న చప్పుడే’ అని చెవులకు ఏమీ పెట్టకుండా మాత్రం రేంజిలోకి పంపకండి. ఒక్కసారిగా వచ్చే చప్పుడు పెద్దలకు 140 డెసిబెల్స్, పిల్లలకు 120 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సైలెన్సర్ లేని .22 రైఫిల్ పిల్లల హద్దును ఎప్పుడో దాటేసింది. గోడలు, కప్పు ఉన్న రేంజిలో ప్రతిధ్వని దానికి తోడవుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. మీ అబ్బాయికో అమ్మాయికో రైఫిల్ కొనేముందు చెవులకు సరిపడే మంచి మఫ్‌లు కొనండి. రేంజిలో అవి పెట్టుకోకుండా ఎవరు తూటా పేల్చినా, కోచ్ అయినా సరే, ఆపి అడగండి.